కుళాయికి నెల తప్పిన రోజు

ఆ రోజుల్లో, అంటే నేను కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, మా వైపు ఒక ఇంటి కోడలికి నెల తప్పిందన్న సంగతి వీధంతా తెలిశాక ఆఖరున ఆ కోడలికి తెలిసేది. పోపు వాసనకి కాస్త ముఖం చిట్లిస్తే చాలు, అత్తగారు ఓరకంట చూసేది, ఆడపడుచు మూతి బిగించి నవ్వేది, పనిమనిషి అయితే "ఏం అమ్మగోరూ, విశేషమా?" అని నిలబెట్టి అడిగేసేది. అప్పటికీ అనుమానం తీరకపోతే చిన్న సీసా పట్టుకుని ల్యాబుకి వెళ్ళి, సాయంత్రం దాకా ఆగి, మడతపెట్టిన కాగితం ఒకటి తెచ్చుకునేవాళ్ళు. అలాంటిది నేను దక్షిణాఫ్రికా వచ్చి డర్బన్‌లో కాపురం పెట్టేసరికి, ఆ కబురు చెప్పే వస్తువు మందుల షాపులో టూత్‌పేస్టుల పక్క అరలో అట్టపెట్టెలో కూర్చుని ఉంది. ఎవరి ఓరచూపులూ అక్కర్లేదు, మన స్నానాలగదిలో గడియ పెట్టుకుని మనమే తెలుసుకోవచ్చు. స్వేచ్ఛంటే ఇదేననుకున్నాను. (ఆ దేశంలో అప్పుడు ఎక్కడ చూసినా స్వేచ్ఛ మాటే. తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ కలిసి మొదటిసారి ఓట్లేసి ఎంతో కాలం కాలేదు. కార్లకి కొత్త జెండాలు అంటించుకుని తిరిగేవాళ్ళు. రోబో దగ్గర, అంటే ట్రాఫిక్ లైటు దగ్గర, ఆగిన పక్క కారువాళ్ళు నవ్వి చెయ్యి ఊపేవాళ్ళు. నేను మావారికి తెలిసినవాళ్ళేమో అనుకుని నమస్కారం పెట్టేదాన్ని.)

మావారు రేవు దగ్గర ఒక కంపెనీలో ఇంజనీరు. రెడ్‌హిల్‌ అనే పేటలో ఒక ఇంటి వెనక రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నా వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు కాబట్టి, కెమిస్ట్రీలో మంచి మార్కులతో సంపాదించుకున్న బీఎస్సీని పెట్టెలో పట్టుచీరల కింద పెట్టి, పగలంతా గోడమీది కోతులు అరటిపళ్ళు ఎత్తుకుపోకుండా కాపలా కాస్తూ కూర్చునేదాన్ని. ఖాళీగా ఉన్న మనిషికి ఏదో ఒక పని కావాలి కదా, నేను అసూయపడటం మొదలుపెట్టాను. ఏ పనైనా శ్రద్ధగా చెయ్యడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. పొద్దున కాఫీతో మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం తర్వాత కాస్త కునుకు, మళ్ళీ సాయంత్రం మావారు వచ్చేదాకా అదే పని.

అసూయ ఎవరి మీదంటే, మాతోపాటు అదే విమానంలో దిగిన ఒకావిడ మీద. ఆవిడ భర్తా మావారూ ఒకే కంపెనీ, ఒకే హోదా. ఇల్లు మాకు రెండు వీధుల పైన, కొండవాలు మీద. ఆవిడకి నేను మనసులో పెట్టుకున్న పేరు మొదటావిడ. (మావారికి మొదటి పెళ్ళాం అనుకునేరు, కాదు.) ప్రతిదీ ఆవిడకే మొదట జరిగేది, అదీ కారణం. డ్రైవింగ్ లైసెన్సు ఆవిడకే మొదట వచ్చింది. నేను రెండోసారి తప్పాక "పర్వాలేదండీ, మీకూ వస్తుంది" అని ఓదార్చింది, ఆ ఓదార్పుతో నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. ఇద్దరం ఒకే చెట్టు నుంచి కరివేపాకు పిలకలు తెచ్చి నాటుకుంటే, నాది కట్టెపుల్లయింది, ఆవిడది గోడ దాటి పక్కింటివాళ్ళకి కూడా కూరలోకి పనికొచ్చింది. ఇన్ని జరిగినా ఆవిడ నాతో ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడేది. అది ఇంకా పెద్ద బాధ. కనీసం పొగరైనా ఉంటే నేను అసూయపడటానికి ఒక న్యాయం ఉండేది.

ఇక అసలు సంగతి. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు ఇంచుమించు ఒకేసారి అయ్యాయి. ఇద్దరికీ పిల్లలు లేరు. ఇద్దరి అత్తగార్లూ ఉత్తరాల చివర ఒకేరకంగా "ఏమైనా విశేషమా?" అని రాస్తున్నారు. నాకు బిడ్డ కావాలి. ఎంత కావాలంటే, చాట్స్‌వర్త్ బజారులో ఎవరి చంకలోనైనా బిడ్డ కనిపిస్తే, కొనాల్సిన బెండకాయలు మర్చిపోయి వాళ్ళ వెనక నడిచేదాన్ని. కానీ దానితోపాటు ఇంకో కోరిక కూడా ఉండేది, దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు అది కూడా విడిగా చెప్పుకునేదాన్ని: ఈ ఒక్క విషయంలో మాత్రం ఆవిడకంటే ముందు నాకు కావాలి.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికొచ్చింది. కుర్చీలో కూర్చోకుండా వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, "మీకే మొదట చెప్తున్నానండీ, రెండు గీతలు వచ్చాయి" అంది. ఏ గీతలో నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆవిడ అంతా విడమర్చి చెప్పింది. మందుల షాపులో (అక్కడ కెమిస్ట్ అంటారు) అమ్ముతున్నారట. సన్నటి కాగితపు పట్టీ అట. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రంలో ముంచి, తీసి, పక్కన పెట్టి కొద్ది నిమిషాలు ఆగాలట. ఒక గీత వస్తే పట్టీ సరిగ్గా పనిచేస్తోందని మాత్రమే అర్థమట, రెండోది కూడా వస్తేనే కడుపట. "కొత్త వస్తువు కదండీ, కుంకుమ బొట్టు పెట్టి దేవుడి దగ్గర ఉంచి మరీ వాడాను. అమ్మవారి దయ" అంది. ఊళ్ళో అత్తగారికి ట్రంకాల్ కూడా చేసేసిందట. నేను "ఎంత సంతోషమండీ!" అన్నాను. ఆవిడ వెళ్ళేదాకా నవ్వు ముఖం మీద నిలబెట్టి ఉంచాను, తలుపేశాక దవడలు నొప్పెట్టాయి. ఆ సాయంత్రం మావారికి పెట్టిన పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన ఏమీ అనకుండా తిన్నారు, ఏమైనా అంటే బావుండేది, దెబ్బలాడుకునేదాన్ని.

అయితే నాకూ ఆ నెల ఆలస్యమయింది. ఆ మాట ఎవరితోనూ అనకుండా మనసులో దాచుకుని ఉన్నాను. మర్నాడే కెమిస్ట్‌కి వెళ్ళాను. ఆ అర దగ్గర నిలబడి టూత్‌పేస్టులు చూస్తున్నట్టు నటిస్తూ చెయ్యి మాత్రం పక్కకి చాస్తుంటే, కౌంటరు వెనకున్న పిల్ల షాపంతా వినపడేలా, "ప్రెగ్నెన్సీ టెస్ట్ యు వాంటింగ్, ఆంటీ? సింగిల్ ఆర్ డబుల్ ప్యాక్?" అని కేకేసింది. (ఇరవై నాలుగేళ్ళ నన్ను ఆంటీ అంది, దానికి వేరే బాధపడ్డాను.) మొదటావిడ సింగిల్ కొందని నాకు తెలుసు. "డబుల్" అన్నాను. వెనక్కి తిరిగేసరికి వరసలో దగ్గు మందు పట్టుకుని మా ఇంటావిడ, అంటే మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు, నిలబడి ఉంది.

మా ఇంటావిడని అందరూ ఆంటీ అనే పిలిచేవారు. ఆవిడ ముత్తాతలు మన వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడలో వచ్చినవాళ్ళు. ఆవిడ పుట్టింది క్లెయిర్‌వుడ్‌లో, అక్కడ ఫ్యాక్టరీలు కడతాం లేవండని సర్కారు అన్నాక రెడ్‌హిల్ చేరారు. బాప్టిస్టు చర్చిలో పెద్ద మనిషి. ఆవిడ దగ్గర మిగిలిన తెలుగు ప్రార్థనకీ, పప్పుకీ, తిట్టుకీ సరిగ్గా సరిపోయేంత ఉండేది, మిగతాదంతా ఇంగ్లీషుతో అతుకు వేసుకునేది. నన్ను చూసి, దగ్గు మందు కౌంటరు మీద పెట్టి, "ఓలమ్మా, పిల్లా! నీకు బిడ్డా? వెన్ యు నో, నాకు చెప్పాల. ఫస్ట్ నాకు, ఓకే?" అంది. వరసలో ఉన్నవాళ్ళందరూ నాకు దారి ఇచ్చారు.

తెల్లారగానే పెట్టె విప్పాను. లోపలి కాగితం మీద ఇంగ్లీషులోనూ, ఆఫ్రికాన్స్‌లోనూ సూచనలు ఉన్నాయి. లిట్మస్ కాగితాలు ముంచిన చేతులివి, నాకు సూచనలు చెప్పేదెవరని పైపైన చదివాను. పట్టీ కింది వైపు బాణం గుర్తులు, వాటి పైన ఒక అడ్డగీత, అంతకు మించి ముంచకూడదు. దాని పైన గీతలు కనిపించే తెల్లటి జాగా. ఆ జాగాని ముట్టుకోవద్దని స్పష్టంగా రాసి ఉంది. ముట్టుకోలేదు. ఉంగరపు వేలితో బొట్టు మాత్రం పెట్టాను. ఫ్రిజ్ కొన్నప్పుడు పెట్టాం, కుక్కరుకి పెట్టాం, పరీక్షకి వెళ్ళేటప్పుడు హాల్ టికెట్టుకి పెట్టాం, దీనికి పెట్టకపోతే ఎలా? అందులోనూ మొదటావిడ ఒక్క బొట్టు పెట్టింది కదా అని, నేను తెల్లటి జాగా కింద వరసగా మూడు పెట్టాను. మా అమ్మ పంపిన కుంకుమ, తడి తగిలితే చాలు చేతికి వారం వదలదు. ముంచాను, తీశాను, సబ్బుపెట్టె మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకుని అమ్మవారిని తల్చుకున్నాను. కళ్ళు తెరిచేసరికి రెండు గీతలు. ఒకటి సన్నగా, రెండోది దివ్యంగా, మందారపు రంగులో. ముందు ఏడుపొచ్చింది, నిజంగానే ఏడ్చాను. ఏడుపు పూర్తికాకముందే, ఆవిడ గీత ఇంత ఎర్రగా వచ్చి ఉండదని కూడా అనుకున్నాను.

మావారిని లేపి చెప్తే నిద్రమత్తులో "ఎవరికి?" అన్నారు. అర్థమయ్యాక మంచం మీదే నిలబడ్డారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఆఫీసుకి పంపిస్తే, టీ వేళకి మొదటావిడ భర్తకి చెప్పేశారు. మధ్యాహ్నానికల్లా ఆవిడ ఒక డబ్బా నిండా కజ్జికాయలు పట్టుకుని వచ్చేసింది. "మనిద్దరికీ ఒకేసారండీ! ఇద్దరం కలిసి ఆస్పత్రికి వెళ్దాం, కలిసి చీరలు కొనుక్కుందాం" అని నా రెండు చేతులూ పట్టుకుంది. నేను ఆ కజ్జికాయలు తింటూ (బాగా కుదిరాయి, నాకు ఎప్పుడూ అంచులు విచ్చుకుపోతాయి) వేళ్ళ మీద లెక్కలు వేసుకుంటున్నాను, ఎవరికి ముందు పురుడొస్తుందా అని. ఎలా వేసినా ఆవిడకే నాలుగు రోజులు ముందొస్తోంది. నాది ఏడో నెలలో పుట్టినా పర్వాలేదేమోనన్న ఆలోచన కూడా ఒకసారి వచ్చి వెళ్ళింది, లెంపలేసుకున్నాను.

సాయంత్రం ఇంటావిడ వచ్చింది. మొదట తనకి చెప్పలేదని ముఖం ముడుచుకునే వచ్చింది. "చూపించు" అంది. దేవుడి అరలో పూలమధ్య పెట్టిన పట్టీని పళ్ళెంతో సహా తెచ్చి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, కిటికీ దగ్గరకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటిది? నా కోడలుది ఇట్లా లేదు. వై సో రెడ్?" అంది. కుంకుమ పెట్టానని చెప్పాను. "ప్రేయర్ చెయ్యి, గుడ్. పేపరు మీద ఎందుకు పూసేది?" అంది. అంతే, నా కడుపులో ఏదో కదిలింది. (బిడ్డ కాదు.) కాలేజీలో మొదటి ఏడాదే మా చేత చేయించిన ప్రయోగం గుర్తొచ్చింది. వడపోత కాగితం మీద సిరాచుక్క పెట్టి, కింది అంచు నీళ్ళల్లో ముంచితే, తడి పైకి ఎక్కుతూ రంగుని తనతో మోసుకుపోయి పైన ఒక అడ్డగీతగా నిలబెడుతుంది. ఆ ప్రయోగంలో నాకు పదికి పది వచ్చాయి.

డబుల్ ప్యాక్‌లో రెండో పట్టీ మిగిలే ఉంది. ఇంటావిడ ముందే దానికి మూడు బొట్లు పెట్టి, గ్లాసులో మంచినీళ్ళు పట్టి ముంచాను. ఇద్దరం గట్టు మీదికి వంగి చూస్తూ నిలబడ్డాం. ముందు సన్నటి గీత వచ్చింది. దాని కింద, తాపీగా, మందారపు రంగులో రెండోది. ఇంటావిడ పట్టీని చూసింది, కుళాయిని చూసింది, నన్ను చూసింది. "అయ్యో దేవుడా! నౌ ట్యాప్ ఆల్సో ప్రెగ్నెంట్!" అని కుర్చీలో కూలబడి, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను, కానీ నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చేసింది. పొద్దున ఏడ్చిన ఏడుపంతా దేనికోసం ఏడ్చినట్టు? ఇంటావిడ నవ్వాపి, నా తల తన భుజానికి ఆనించుకుని, "ఏడవకే పిల్లా. మేబీ బిడ్డ ఉంది, మేబీ లేదు. కుంకుమకి ఏం తెలుస్తాది? ఇంకోటి కొను, ప్లెయిన్‌గా చెయ్యి" అంది.

అలా ఆవిడ భుజం మీద ముఖం పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను, ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది, తట్టగానే ఏడుపు ఆగిపోయింది. మొదటావిడ కూడా బొట్టు పెట్టింది! ఆవిడ గీత కూడా కుంకుమే అయ్యుండొచ్చు! ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం గురించి ఎక్కువ చెప్పను. కొండవాలు ఎక్కుతుంటే ఎప్పుడూ ఆయాసపడే నేను ఆ రోజు దాదాపు పరిగెత్తాను. దారిలో కెమిస్ట్ దగ్గర ఆగితే ఆ పిల్ల "అగెయిన్, ఆంటీ?" అంది. నేను మహా హుందాగా ఇంకో డబుల్ ప్యాక్ అడిగాను. సంగతి చెప్పగానే మొదటావిడ ముఖంలో రంగు పోయింది. "అత్తయ్యగారికి చెప్పేశానండీ. ఆవిడ వీధంతా చెప్పేసి ఉంటారు" అంది, చాలా నెమ్మదిగా. మర్నాడు పొద్దున లేవగానే, మంచినీళ్ళు కూడా తాగకుండా నేను వాళ్ళింటికి వెళ్ళాలనీ, ఇద్దరం కలిసే చూసుకోవాలనీ అనుకున్నాం.

ఆ పొద్దున వాళ్ళ స్నానాలగది కిటికీ గట్టు మీద రెండు ప్లాస్టిక్ గ్లాసులు, ఆవిడది నీలంది, నాది పచ్చది. ఈసారి సూచనల కాగితం ఇద్దరం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాం. గడువు తేదీ చూశాం. తెల్లటి జాగాని వేలితో కాదు కదా చూపుతో కూడా తాకకుండా జాగ్రత్తపడ్డాం. ముంచి, తీసి, ఎవరి గ్లాసు ముందు వాళ్ళ పట్టీ పెట్టి, గడియారం పట్టుకుని నేల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది. నేను ఏం కోరుకున్నానో దాచడం ఎందుకు? నాకు రావాలని కోరుకున్నాను, ఆవిడకి రాకపోయినా ఫర్వాలేదని కోరుకున్నాను. వేళ అయ్యాక లేచి చూశాం. నీలం గ్లాసు ముందు ఒకే ఒక్క గీత. పచ్చ గ్లాసు ముందు ఒకటి, దాని కింద, ఉందా లేదా అన్నట్టు, లేత గులాబీ రంగులో రెండోది. వెలిసిపోయినట్టున్నా సరే, సమయంలోపల కనిపిస్తే అది గీతేనని కాగితంలో రాసి ఉంది. ఆ వాక్యం పైకి చదివింది ఆవిడే. (మంగళవారం డాక్టరమ్మ కూడా అదే ఖాయం చేసింది. ఊరూ నీళ్ళూ మారితే నెల ఇలా అటూ ఇటూ అవుతుందని ఆవిడకీ చెప్పింది.)

నేను కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది, ఇక ఎగిరి గంతెయ్యాలి. కానీ ఆవిడ తన పట్టీని ఇంకొంచెం సేపు చూస్తూ నిలబడింది, గీత ఆలస్యంగానైనా వస్తుందేమోనన్నట్టు. తర్వాత నా పట్టీ వంక చూసింది. ఆ చూపు నాకు బాగా పరిచయం, లైసెన్సు తప్పిన రోజు అద్దంలో చూశాను. ఆవిడకి కూడా అలా చూడటం వచ్చని నేనెప్పుడూ అనుకోలేదు. అంతలో ఆవిడే దగ్గరకొచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. "పదండి, ముందు ఏదైనా తిందురుగాని, ఖాళీ కడుపుతో ఉండకూడదు" అని వంటింట్లోకి తీసుకెళ్ళి ఉప్మా పెట్టింది. నేను తింటూ ఉంటే ఊళ్ళో అత్తగారికి ఫోన్ కలుపుకుంది. నన్ను వెళ్ళనివ్వలేదు, "కాసేపు ఇక్కడే కూర్చోండి" అంది. లైను దొరికాక, "అత్తయ్యగారూ, కాదటండీ. పొరపాటు పడ్డాను" అంది. అవతల నుంచి ఏమన్నారో, చాలాసేపు విన్నది. వింటూ వైరుని వేలికి చుట్టుకుంటూ ఉంది. చివరికి, "కానీ మాతో వచ్చినావిడకి నిజంగానే అయిందండీ, ఇదిగో నా పక్కనే ఉన్నారు. మీరు పెట్టే ఆ మాగాయ పంపించండి, ఆవిడకి పనికొస్తుంది" అంది.

నా కబురు నాకంటే ముందు ఆవిడే సముద్రం దాటించింది. ఆ రోజు నాకు కలిగినంత అసూయ అంతకు ముందుగానీ తర్వాతగానీ కలగలేదు. ఆవిడ గీత నాకొచ్చి, నా గీత ఆవిడకొచ్చి ఉంటే, నేను ఉప్మా పెట్టి ఉండేదాన్ని కాదు. తలనొప్పని చెప్పి ఇంటికెళ్ళి పడుకునేదాన్ని. నాకు బిడ్డ దొరికింది, ఆవిడకి ఆ మనసు దొరికింది. అందులో సగం నాకిచ్చి ఉంటే దేవుడిదేం పోయేదని ఉప్మా మింగుతూ అనుకున్నాను.

మాగాయ వచ్చింది, జాడీ నేనే ఖాళీ చేశాను. నాకు కొడుకు పుట్టాడు. ఏణ్ణర్థం తర్వాత ఆవిడకి కూతురు పుట్టింది. చూడ్డానికి వెళితే, ఆ పిల్ల తలనిండా ఒత్తుగా నల్లటి జుట్టుతో ఉంది. మావాడికి అప్పటికి నెత్తి మీద నాలుగు వెంట్రుకలు కూడా సరిగ్గా లేవు. ఆవిడ పిల్లని నా చేతికిచ్చి "మీ కోడలే అనుకోండి" అంటే నవ్వాను, దవడలు మళ్ళీ నొప్పెట్టాయి. తర్వాత కొన్నేళ్ళకి వాళ్ళాయనకి జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. సామాను వెళ్ళాక ఖాళీ ఇంటి గేటు దగ్గర ఇద్దరం చాలాసేపు నిలబడ్డాం, ఆవిడే ముందు ఏడ్చింది. ఆ తర్వాత రెడ్‌హిల్‌కి మనవాళ్ళు చాలామంది వచ్చారు, పెద్ద పెద్ద కార్లతో, మంచి మంచి ఉద్యోగాలతో. పాత అలవాటు కదా, పగటిపూట తోచక వాళ్ళలో ఒకరిద్దరి మీద అసూయపడదామని గట్టిగా ప్రయత్నించి చూశాను కానీ, కుదరలేదు.